రాజు నెత్తిన తట్ట

ఒక వేసవిలో మా మండలంలో చెరువు పూడికతీత పని మొదలయింది. ప్రారంభించడానికి ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. పేరు ఇక్కడ అనవసరం. ఏ జెండావాడు వచ్చినా చేసే పనే అతనూ చేశాడు. కండువా తీసి తలకు చుట్టాడు. పలుగు పట్టి ఒక దెబ్బ వేశాడు. ఇద్దరు ఆడకూలీలు తట్ట ఎత్తి ఆయన నెత్తిన పెట్టారు. నాలుగడుగులు నడిచాడు. ఫొటోలు తీశారు. తట్ట దించారు. కారెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు పేపర్లో బొమ్మ పడింది.

మా ముఠాలో అరవై దాటిన పెద్దామె ఒకావిడ వుంది. అక్షరం ముక్క రాదు. పేపరు చేతికిస్తే బొమ్మను కాసేపు పరకాయించి చూసి, "మెడ నరాలు తేలలేదయ్యా, అది ఒట్టి తట్ట" అన్నది.

అందరం నవ్వాము. అయితే నాకు మాత్రం ఆ బొమ్మను ఇంతకుముందు ఎక్కడో చూసినట్టనిపించింది. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా సంఘం పనిమీద తిరుగుతూ, లైబ్రరీల్లో కూర్చుని, అడిగి తెచ్చుకుని చదువుకున్నది. ఇంటికి వెళ్లి పాత ప్రపంచ చరిత్ర పుస్తకం తిరగేస్తే కనిపించింది. నెత్తిన తట్ట పెట్టుకున్న పాలకుడి బొమ్మ. అయితే అది మొన్నటిది కాదు, నాలుగున్నర వేల సంవత్సరాల కిందటిది!

కింద తాగుడు, పైన తట్ట

ఇరాక్ దేశం దక్షిణాన, టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ, సుమేరు అనే నాగరికత వెలసింది. కాలవలు తవ్వి, బార్లీ పండించి, పట్నాలు కట్టిన జనం వాళ్లు. అక్కడి లగాష్ రాజ్యానికి ఉర్-నాన్షే అనే రాజు వుండేవాడు. క్రీ.పూ. 2500 ప్రాంతం. అతను చెక్కించిన సున్నపురాతి పలక ఒకటి గిర్సు అనేచోట తవ్వకాల్లో దొరికింది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో వుంది. పెద్దదేం కాదు, మూరెడు లోపే.

ఆ పలకలో రెండు వరుసలున్నాయి. పై వరుసలో రాజు నిలబడి వున్నాడు. ఒంటిమీద చొక్కా లేదు, నడుముకు గుడ్డ. నెత్తిన ఇటుకల తట్ట, అది జారకుండా చేయి పైకెత్తి పట్టుకున్నాడు. దేవుడికి గుడి కట్టిస్తూ తానే ఇటుకలు మోస్తున్నట్టు లెక్క. ఎదురుగా అతని కుటుంబం వరసగా నిలబడి వుంది. వాళ్లంతా రాజు నడుము దాకానో, కొంచెం పైదాకానో వస్తారు. వయసును బట్టి కాదు ఆ ఎత్తు. బొమ్మలో ఎవరు ఎంత ఎత్తు వుండాలనేది హోదాను బట్టి. ఎవరెవరో తెలియడానికి వాళ్ల బట్టల మీద పేర్లు కూడా చెక్కారు.

కింది వరుసలో అదే రాజు కూర్చుని వున్నాడు. చేతిలో పానపాత్ర. పని అయిపోయింది, విందు జరుగుతోంది. అంటే మోయడం, తాగడం రెండూ ఒకే పలకలో పట్టించారు. అయితే ఇటుకలు చేసినవాళ్లు, మట్టి తొక్కినవాళ్లు రెండు వరుసల్లోనూ లేరు.

కోటలు, గుళ్లు కట్టినదెవరు అని మన మహాకవి ఎప్పుడో అడిగాడు, ఆ ప్రశ్న మన సభల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. నేనడిగేది దాని పక్క ప్రశ్న. పాలకులు సాధారణంగా తమను ఎట్లా చూపించుకుంటారు? సింహాసనం మీద, ఏనుగు మీద, గుర్రం మీద. చేతిలో కత్తి. కాళ్ల కింద శత్రువు. దేశం ఏదైనా, కాలం ఏదైనా ఈ వరస పెద్దగా మారలేదు. అంత గొప్ప చూపించుకునేవాళ్లకు ఒక్కోసారి కూలివేషం వెయ్యాలని ఎందుకు పుడుతుంది? పార పట్టి, నాగలి పట్టి, తట్ట మోసి బొమ్మ గీయించుకోవలసిన అవసరం ఎప్పుడొస్తుంది?

సుమేరు వాళ్లది ఒక్క బొమ్మతో ఆగలేదు. అది ఆనవాయితీ అయింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 2100 ప్రాంతంలో, ఊర్ నగరాన్ని ఏలిన ఉర్-నమ్ము రాజు తట్ట మోస్తున్నట్టుగా రాగి బొమ్మలు పోతపోయించాడు. వాటిని ఎవరికీ కనపడకుండా గుళ్ల పునాదుల్లో పెట్టెలు కట్టి పూడ్చిపెట్టారు. మనం శంకుస్థాపనలో నవధాన్యాలు, నాణాలు వేసి పూడ్చినట్టు. మనుషులు చూడకపోయినా దేవుడు చూడాలి, తర్వాత ఎప్పుడైనా గుడి బాగుచేయడానికి తవ్విన రాజు చూడాలి. గుడి కట్టిన కూలి ఎవడంటే నేనే అని చెప్పుకోవడం.

అదే రాజు నిలబెట్టించిన పెద్ద రాతి ఫలకం ముక్కలు అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో వున్నాయి. అందులో ఉర్-నమ్ము భుజాన కట్టుబడి పనిముట్లు మోసుకుంటూ దేవుడి వెనక నడుస్తుంటాడు. నాకు నచ్చింది ఆ రాజు కాదు. అతని వెనక బోడిగుండు మనిషి ఒకడున్నాడు, రెండు చేతులతో ఆ బరువును కింద నుంచి ఎత్తిపట్టుకుని! శిల్పి అమాయకంగా చెక్కాడో, కావాలనే చెక్కాడో చెప్పలేం. మొత్తానికి బరువు ఎవరి చేతుల మీద వుందో చూసేవాడికి తెలిసిపోతుంది. మా పెద్దామె చూస్తే ఇంకేమనేదో!

ఇటుకల మీద కూడా రాజు పేరు ముద్ర వేసేవారు. ఫలానా గుడి కట్టింది ఉర్-నమ్ము అని పచ్చి ఇటుక మీద అచ్చు గుద్దేవారు. ఒక ఇటుక మీద ఆ ముద్రతోపాటు కుక్క పాదాల గుర్తులున్నాయి. ఎండబెట్టిన వరుస మీద కుక్క నడిచిపోయింది. ఇటుక బట్టీలో పనిచేసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే అది. కుక్క కాలిముద్ర కూడా నాలుగు వేల ఏళ్లు నిలిచింది గాని, ఆ ఇటుక కోసినవాడి పేరు మాత్రం దాని మీద లేదు. మనకాలంలోనూ ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ 1980లలో బాబిలోన్ శిథిలాల మీద కొత్త గోడలు కట్టించి, ఇటుకల మీద తన పేరు వేయించుకున్నాడు.

మస్టరు ఏం చెబుతుంది

రాజుల బొమ్మలు అన్నిచోట్లా దొరుకుతాయి. సుమేరు దేశంలో విశేషమేమంటే మస్టర్లు కూడా దొరికాయి. వాళ్లు తడిమట్టి పలకల మీద పుల్లతో గుచ్చి రాసేవారు. కాగితమయితే ఎప్పుడో చెదలు తినేది, మట్టి పలక కాబట్టి మిగిలింది. ఉర్-నమ్ము వంశం కాలంనాటి పలకలు వేలకొద్దీ బయటపడ్డాయి. అందులో ఎక్కువ భాగం స్తోత్రాలు కావు, లెక్కలు. ఎంతమంది కూలీలు, ఎన్ని రోజులు, ఏ కాలవ మీద, ఏ పొలంలో, ఎంత గింజ కొలిచారు అన్నవి.

ఆ లెక్కల ప్రకారం మగకూలికి నెలకు మామూలుగా 60 సిలాల బార్లీ. సిలా అంటే దాదాపు మన లీటరు. ఆడకూలికి 30. సరిగ్గా సగం! పిల్లలకు ఇంకా తక్కువ. పిండి విసిరే పని, నేతపని ఆడవాళ్లది. ఒక రోజులో ఎంత పిండి విసరాలో కొలత వుండేది. ముఠా మేస్త్రి ఆ కొలత ప్రకారం అప్పజెప్పలేకపోతే లోటు రాసేవారు. ఆ లోటు మరుసటి సంవత్సరం ఖాతాకు ఎక్కేది. మేస్త్రి చచ్చిపోతే బాకీ అతని ఇంటిమీద పడేది.

ఇది చదివిననాడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మనదేశంలో సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. దానికోసం ఎంత కొట్లాట జరిగిందో పాతవాళ్లకు తెలుసు. చట్టం వచ్చాక కూడా సగం కూలి పోలేదు, పేరు మార్చుకున్నది. ఒకే చేలో మగవాడు చేసేది 'బరువు పని', ఆడమనిషి చేసేది 'తేలిక పని' అంటారు. వంగి రోజంతా నాటు వెయ్యడం ఏ లెక్కన తేలికో అన్నవాళ్లను ఒక్కపూట మడిలో దింపి చూడాలి. ఇది మన ఊరి పెత్తందారు కనిపెట్టిన ఎత్తు అనుకున్నాను ఇంతకాలం. కాదన్నమాట. రాజు నెత్తిన తట్ట పెట్టుకుని బొమ్మ పోతపోయించుకున్న రోజుల్లోనే, ఆ రాజ్యపు గుమస్తా ఆడదాని పేరెదుట 30 అని గుచ్చుతున్నాడు.

అప్పటినుంచి ఏ పాలకుడి బొమ్మ చూసినా దాని పక్కన మస్టరు పెట్టి చూడాలనిపిస్తుంది. అన్నిచోట్లా దొరకదు. దొరికినచోట చూద్దాం.

ఈజిప్టులో ఇంతకంటే పాతది, క్రీ.పూ. 3100 ప్రాంతపు రాతి గద తల ఒకటి దొరికింది. రాజు పేరు మనకు సరిగా అందలేదు, పక్కన తేలు బొమ్మ వుంది కాబట్టి తేలు రాజు అంటారు. కిరీటం పెట్టుకుని, రెండు చేతులా పార పట్టుకుని నిలబడ్డాడు. కాలవ తవ్వకం ప్రారంభోత్సవం లాగుంది. ఎదురుగా ఒకడు వంగి తట్ట పట్టాడు. కింద నీటి ఒడ్డున చిన్నచిన్న మనుషులు పనిచేస్తున్నారు. ఇంతవరకు శుభంగానే వుంది. తల పైకెత్తి చూస్తే పై అంచున జెండాకర్రలు వరసగా వున్నాయి, ఒక్కో కర్రకు తాడుతో ఒక్కో తీతువు పిట్ట మెడకు ఉరిబిగించి వేలాడుతోంది. ఈజిప్టు రాతలో తర్వాతి కాలంలో ఆ పిట్ట సామాన్య జనానికి గుర్తయింది. కింద పార, పైన ఉరితాడు, రెంటికీ ఒకటే రాయి. దీనికి మస్టరు అక్కర్లేదు.

ఒకే రాజు, రెండు వేషాలు

అసూరు రాజు అషుర్‌బనిపాల్ కథ మరీ స్పష్టం. క్రీ.పూ. ఏడో శతాబ్దంలో అతనికి మించిన చక్రవర్తి ఆ ప్రాంతంలో లేడు. రాజధాని నినెవెలో అతని భవనం గోడల నిండా శిల్పాలు. బోనులోంచి సింహాలను వదిలిపెట్టించి బాణాలతో చంపుతుంటాడు. ఇంకో పలకలో రాణితో కలిసి తోటలో ద్రాక్షపందిరి కింద విందు చేస్తుంటాడు, పక్క చెట్టుకు ఓడిపోయిన ఈలం రాజు తల వేలాడుతుంటుంది. చూసినవాడు వణకాలి, అందుకు చెక్కించినవి అవి.

అదే రాజు బాబిలోన్ నగరంలో నిలబెట్టించిన రాయి చూడండి. ఆయుధం లేదు. కిరీటం వుంది గాని దాని మీద తట్ట. రెండు చేతులా తట్టను పట్టుకుని వినయంగా నిలబడ్డాడు. ఎందుకంటే బాబిలోన్ సంగతి వేరు. క్రీ.పూ. 689లో ఇతని తాత సెనకెరిబ్ ఆ నగరాన్ని నేలమట్టం చేశాడు. జనం మరచిపోలేదు. అక్కడ సింహాల వేట చూపిస్తే పాత పుండు రేగుతుంది. అందుకని వాళ్ల పాత రాజుల ఆనవాయితీని పట్టుకుని, మీ దేవుడి గుడికి నేను మట్టి మోస్తున్నాను అని చూపించుకున్నాడు. భయపెట్టవలసినచోట బాణం, మంచి చేసుకోవలసినచోట తట్ట.

ఆ తట్ట చాలలేదనే చెప్పాలి. బాబిలోన్ మీద రాజుగా పెట్టిన సొంత అన్నే క్రీ.పూ. 652లో తిరగబడ్డాడు. నాలుగేళ్లు యుద్ధం, ముట్టడి, నగరంలో కరువు. ఆ అన్న కూడా తట్ట మోస్తున్నట్టే ఒక రాయి చెక్కించుకున్నాడు. దాని మీద ముఖాన్ని ఎవరో చెక్కేశారు. ఈ రెండు రాళ్లూ ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి.

మనవైపు సంగతేమిటి అంటారు. జనకమహారాజు నాగలి పట్టి దున్నుతుంటే చాలులో సీత దొరికిందని మనందరం విన్నదే. సీత అంటేనే నాగేటిచాలు. ఆ దున్నకం కూడా యజ్ఞం కోసం చేసిందే, కూటి కోసం కాదు. అది కథ. చరిత్రకొస్తే, తిరుమల గుడిలో కృష్ణదేవరాయల కంచు విగ్రహం వుంది. అటు ఇటు ఇద్దరు రాణులు, మధ్యలో రాయలు, ముగ్గురూ చేతులు జోడించి నిలబడి వున్నారు. అంతటి రాజు దేవుడి ముందు ఎంత ఒదిగి వున్నాడో అని భక్తులు చెప్పుకుంటారు. నిజమే, శిల్పం చక్కగా వుంటుంది.

అదే రాయల కాలంలో, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు విజయనగరం వచ్చి చూసింది రాసిపెట్టాడు. ఇప్పటి హోస్పేట దగ్గర రాయలు పెద్ద చెరువు కట్టిస్తున్నాడు. పదిహేను ఇరవై వేలమంది పనిలో వున్నారనీ, చీమల బారుల్లా కింద నేల కనిపించడం లేదనీ అతను రాశాడు. పనిని వంతులు వేసి దళవాయిలకు అప్పగించారు, ఎవరి వంతు జనం చేత వాళ్లు పని చేయించాలి. కట్ట రెండు మూడుసార్లు తెగింది. దేవుడికి రక్తం కావాలన్నారు పురోహితులు. అరవైమంది మనుషులను, కొన్ని గుర్రాలను, దున్నలను బలి ఇచ్చారని పేస్ రాశాడు. పరదేశి రాసినదంతా నమ్మాలా అని అడిగేవాళ్లుంటారు, అడగవచ్చు. కాని చెరువు కట్టల మీద కట్టమైసమ్మకు కోడిని కోసే మనవాళ్లు, కట్ట తెగితే మనిషిని పూడ్చారనే కథలు ఊరూరా చెబుతూనే వున్నారు గదా. రాయల పేరు వీధి నాటకంలో, సినిమాలో, పాఠంలో నిలిచింది. ఆ చీమల బారు చేతులు జోడించిన విగ్రహంలోకి ఎక్కలేదు.

నాగలి పట్టిన చక్రవర్తి

చైనా చక్రవర్తులు ఈ వేషాన్ని పండగ చేశారు. బీజింగ్‌లో వ్యవసాయ దేవత గుడి ఆవరణలో రాజుకు కేటాయించిన మడి వుంది. మన లెక్కన ఇరవై సెంట్లు. ఏటా వసంతంలో చక్రవర్తి వచ్చి అక్కడ నాగలి పట్టి మూడు సాళ్లు తోలేవాడు. తర్వాత రాకుమారులు, మంత్రులు. వెనకనే విత్తనం చల్లేవారు. 1720లలో యోంగ్‌జెంగ్ చక్రవర్తి దీన్ని ఏటేటా చేసి, పెద్ద పటం కూడా గీయించుకున్నాడు.

ఈ కబురు ఐరోపాకు పాకింది. అక్కడి పండితులు చైనా చక్రవర్తిని చూసి నేర్చుకోమని తమ రాజులకు చెప్పసాగారు. 1769 ఆగస్టు 19న ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ మొరావియా ప్రాంతంలో ప్రయాణిస్తూ స్లావికోవిచె అనే పల్లె దగ్గర ఆగాడు. దున్నుతున్న రైతు దగ్గరికి వెళ్లి నాగలి తీసుకుని ఒక సాలు తోలాడు. ఇంకేముంది! దాని మీద చిత్రాలు అచ్చువేసి దేశమంతా పంచారు. ఆచోట స్మారకస్తంభం నిలబెట్టారు. ఆ నాగలిని రైతు దగ్గర్నుంచి తీసుకుని బ్రునో నగరంలో పూజావస్తువులా దాచారు.

ఆ పొలాల్లో అప్పుడు 'రొబోటా' నడుస్తుండేది. అంటే వెట్టి. భూస్వామి పొలంలో రైతు వారానికి ఇన్ని రోజులు ఊరికే చెయ్యాలి, సొంత పశువులతో సహా. ఇప్పుడు మన పిల్లలు రోబో, రోబో అంటున్నారే, ఆ మాట ఈ వెట్టి నుంచి పుట్టిందే. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత నాటకం రాస్తూ మరమనుషులకు ఆ పేరు పెట్టాడు. అలుపూ ఆకలీ లేకుండా చెప్పింది చేసేవాడికి వెట్టివాడి పేరే సరిపోయింది.

చక్రవర్తి సాలు తోలాక వెట్టి తగ్గిందా? ఆరేళ్లు గడిచాయి. మధ్యలో 1770, 71లలో ఘోరమైన కరువు వచ్చింది. 1775 వసంతంలో బొహీమియా రైతులు తిరగబడి ప్రాగ్ నగరం వైపు నడిచారు. సైన్యం వాళ్లను అణచివేసింది. అయితే అదే ఏడాది ఆగస్టులో ఆజ్ఞ వచ్చింది, రైతు కమతాన్ని బట్టి వెట్టికి పరిమితి పెట్టారు, ఎంత ఎక్కువైనా వారానికి మూడు రోజులు మించకూడదన్నారు. 1781లో జోసెఫ్ రైతుల కట్టుబానిసత్వాన్ని రద్దుచేశాడు, ఊరు వదిలి పోవడానికి, ఇష్టపడ్డవాళ్లను పెళ్లాడడానికి దొర అనుమతి అక్కర్లేదన్నాడు. వెట్టి మాత్రం పూర్తిగా పోయింది 1848లో, ఐరోపాలో విప్లవాలు చెలరేగిన ఏడు. జోసెఫ్ ఒట్టి వేషగాడు అనడం న్యాయం కాదు. తోటి రాజుల్లో అతను చాలామంది కంటే మెరుగు. కాని బొమ్మ అచ్చువేసింది ఆ ఒక్క సాలును. ప్రాగ్ వైపు నడిచిన రైతులకు స్మారకస్తంభం వెంటనే ఎవరూ నిలబెట్టలేదు.

ఇటలీ నియంత ముస్సోలినీ దీన్ని సినిమా కెక్కించాడు. 1925లో 'గోధుమ యుద్ధం' అని ప్రకటించాడు. 1930లలో చిత్తడి నేలలు ఎండగట్టి కొత్తగా ఏర్పరచిన ఊళ్లకు వెళ్లి, చొక్కా విప్పి, నూర్పిడి యంత్రం మీదెక్కి గోధుమ పనలు అందించేవాడు. కెమెరాలు తిరిగేవి. ఆ రీళ్లు ఊరూరా హాళ్లలో వేసేవారు. ఇటలీలో కూలివాళ్లను 'బ్రచ్చాంతి' అంటారు, అంటే చేతులు తప్ప ఏమీ లేనివాళ్లు. ఆ చేతులకు సమ్మె చేసే హక్కును అదే ముస్సోలినీ 1926 చట్టంతో తీసేశాడు. స్వతంత్ర సంఘాలను మూసేశాడు. సంఘం లేని కూలీల రేట్లు ఏమయివుంటాయో ఈ పేజీ చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

కిందివాళ్లు గీసిన బొమ్మ

ఇవన్నీ పైవాళ్లు గీయించుకున్నవి. కిందివాళ్ల కళ్లకు రాజు ఎట్లా కనిపించాడు? రాయి చెక్కించే స్తోమత కూలివాడికి లేదు గనక అది దొరకడం అరుదు.

ఒక చోట కాగితం మీద దొరికింది. ఈజిప్టు రాజు మూడో రామ్సెస్ తన గుడి గోడల మీద తాటిచెట్టంత నిలబడి, శత్రువుల జుట్టు గుప్పిట పట్టి కొడుతుంటాడు. రాజుల సమాధులు తొలిచి చిత్రాలు గీసే పనివాళ్లు నైలు పడమటి ఒడ్డున ప్రత్యేకంగా ఒక ఊళ్లో వుండేవారు. కూలి గింజల్లో ఇచ్చేవారు. ఆ రాజు పాలన 29వ సంవత్సరంలో, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, గింజలు రావడం ఆలస్యమయింది. పనివాళ్లు పనిముట్లు వదిలి, కాపలా గోడలు దాటి వచ్చి, ఒక పాతరాజు గుడి వెనక కూర్చున్నారు. ఆకలవుతోంది, నెలలో పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి అన్నారు. అధికారులు వచ్చి బతిమాలారు, ఒట్లు పెట్టారు. కదల్లేదు. గింజలు కొలిచిందాకా రోజుకో గుడి దగ్గర కూర్చున్నారు. ఇదంతా వాళ్ల ఊరి రాయసగాడు రాసిపెట్టాడు, ఆ పత్రం ఇటలీలో ట్యురిన్ మ్యూజియంలో వుంది. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొట్టమొదటి సమ్మె అదే అంటారు. ఆ పత్రంలో రాజు తాటిచెట్టంత లేడు. గింజలు బాకీపడ్డవాడు, అంతే.

రెండోది మన పక్కనే, మదురలో. వైగై నదికి వరద వచ్చింది. ఇంటికొక మనిషి వచ్చి కట్ట వెయ్యాలని పాండ్యరాజు ఆజ్ఞ. వంది అనే ఒంటరి ముసలమ్మ, పిట్టు వండి అమ్ముకు బతికేది. పంపడానికి మనిషి లేడు. అప్పుడు సాక్షాత్తూ శివుడే కూలివాడి రూపంలో వచ్చాడట. కూలి ఏమిస్తావంటే, విరిగిపోయిన పిట్టు ఇస్తానంది. సరేనన్నాడు. తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లాడు గాని పని సరిగ్గా చెయ్యలేదు. పిట్టు తిన్నాడు, పాడాడు, ఆడాడు, చెట్టుకింద పడుకున్నాడు. అందరి వంతూ అయింది, ముసలమ్మ వంతు మిగిలిపోయింది. రాజు వచ్చి చూసి బెత్తంతో వీపు మీద కొట్టాడు. ఆ దెబ్బ లోకంలో ప్రతి ప్రాణికీ తగిలింది. రాణికీ, మంత్రికీ, కడుపులో బిడ్డకూ, కొట్టిన రాజుకూ! కూలివాడు తట్టెడు మట్టి గట్టు మీద పోసి మాయమయ్యాడు. వరద తగ్గింది.

ఈ కథ తమిళ పురాణంలో వుంది. ఇప్పటికీ ఏటా ఆవణి మాసంలో మదుర మీనాక్షి గుడి తరఫున పిట్టు ఉత్సవం చేస్తారు. దేవుణ్ణి నమ్మేవాళ్లు నమ్ముతారు, నాకు ఆ తగాదా లేదు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ బొమ్మ. ఉర్-నాన్షే పలకలో రాజు నెత్తిన తట్ట వుంది, కూలివాడు లేడు. ఇక్కడ తట్ట దేవుడి నెత్తిన వుంది, రాజు చేతిలో బెత్తం వుంది. వెట్టిచేసిన వీపు ఎరుగనివాడు ఆ దెబ్బను అట్లా ఊహించలేడు.

మళ్లీ మా చెరువు దగ్గరికి వస్తాను. ఉపాధి పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోనులో కూలీల ఫొటో తీసి పంపాలని నిబంధన పెట్టారు. ఫొటో ఎక్కితేనే హాజరు. పని ఎంత చేసినా బొమ్మ పడకపోతే రానట్టే. మా చెరువు గుంటలో ఫోనుకు సిగ్నల్ అందదు. మేటు ఫోను పట్టుకుని కట్ట మీదికి పరుగెత్తేది, వాళ్లంతా పైకెక్కి వరసగా నిలబడేవాళ్లు. ఎండలో కళ్లు చికిలించుకుని, తట్టలు పక్కన పెట్టుకుని. రెండు వారాల్లో మూడు రోజులు ఫొటో ఎక్కలేదు. మస్టరులో ఆ మూడు రోజులకు గైర్హాజరు పడింది. మిగతా రోజుల కూలి కూడా ఆగింది.

పదిహేడు మందిమి ఆఫీసుకు వెళ్లాం. సార్ మీటింగులో వున్నారని బయట గదిలో నిలబెట్టారు. ఆ గది గోడకు నాయకుడి ఫొటో ఫ్రేము కట్టించి తగిలించారు. తలకు కండువా, నెత్తిన తట్ట. పెద్దామె దాన్ని మళ్లీ ఒకసారి చూసింది గాని ఈసారి ఏమీ అనలేదు. ఫొటో కిందే నేల మీద కూర్చుంది. ఆవిడ పక్కన మిగతావాళ్లం కూర్చున్నాం. మధ్యాహ్నం మూడున్నరకు లోపలికి పిలిచారు.

మొదటి వారం కూలి తొమ్మిది రోజుల తర్వాత బ్యాంకులో పడింది. రెండో వారం ఆరుగురికి పడలేదు, అందులో నలుగురు ఆడవాళ్లు. ఫొటో ఎక్కని మూడు రోజుల సంగతి పైకి రాశామంటున్నారు. సోమవారం మళ్లీ వెళుతున్నాం.